కారణం రాసే గడి

నేను వెళ్ళేసరికి స్టేషన్ ఆవరణలో గొట్టాలు ఆరుతున్నాయి. ఎత్తయిన ఇనుప స్తంభానికి కప్పీ మీద లాగి వేలాడదీశారు. కింది కొసల నుంచి నీళ్ళు ఇంకా బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. ఎర్ర బండి పక్కన ఇద్దరు కుర్రాళ్ళు బూట్లు కడుక్కుంటున్నారు. అడుగున అంటుకున్నది బురద అనుకున్నాను. తీరా చూస్తే కాలి, తడిసి, నల్లబడ్డ దూది. పొద్దున్న ఏడు దాటింది. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే వైపు ఉన్న చిన్న పట్టణం ఇది. పత్తి, మిరప తప్ప ఇక్కడ మరో మాట వినపడదు. రాత్రి ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఒక జిన్నింగ్ మిల్లు షెడ్డు కాలిపోయింది.

మంట ఎలా ఆర్పుతారో మనం రోడ్డు మీద నిలబడి ఎన్నోసార్లు చూశాం. ఆరాక అదే మంట కాగితం మీదికి ఎలా ఎక్కుతుందో చూద్దామని వచ్చాను.

ముందు వాచ్ రూమ్‌లో కూర్చోబెట్టారు. ఒక బల్ల, ఫోను, లావుపాటి రిజిస్టరు, ఎదురుగా గోడ గడియారం. డ్యూటీలో ఉన్న ఫైర్‌మన్ రిజిస్టరు నా వైపు తిప్పాడు. ఒక్కో కాల్‌కి ఒక్కో వరస. ఎవరు చేశారు, ఏ నంబరు నుంచి, ఎక్కడ, ఏం తగలబడుతోంది, దగ్గర్లో గుర్తేమిటి. ఆ తర్వాత అన్నీ గంటలూ నిమిషాలే. కబురందింది 1.12. బండి గేటు దాటింది 1.13. చేరింది 1.31. స్టాప్ 4.50.

“తొమ్మిది కిలోమీటర్లకి పద్దెనిమిది నిమిషాలా?” అన్నాను.

“గేటు పడింది సార్, గూడ్సు బండికి.” పక్కనే రాసింది వేలితో చూపించాడు. రైల్వే గేటు దగ్గర 6 నిమిషాలు. “ఇది రాయకపోతే పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. ఊళ్ళోవాళ్ళయితే అప్పుడే అనేశారు, గంట తర్వాత వచ్చామని.”

ఊళ్ళోవాళ్ళు అబద్ధమాడారని అతనూ అనుకోవడం లేదు. సొంత సరుకు కాలిపోతుంటే చూస్తూ నిలబడ్డవాడికి నిమిషం గంటలాగే గడుస్తుంది. అందుకే గోడ మీద గడియారం. రోజూ పొద్దున్నే దాన్ని సరిచూసి, అలా చూసినట్టు కూడా రిజిస్టరులో రాస్తారు.

‘స్టాప్’ అంటే మంట ఆరిందని అర్థం చేసుకున్నాను. కాదట. ఇంకో బండి పంపనక్కర్లేదు, ఉన్నవాళ్ళతో సరిపోతుంది అని చెప్పే కబురు మాత్రమే అది. ఆ తర్వాత చల్లార్చే పని మిగిలే ఉంటుంది. పత్తి మిల్లులో ఆ పనే పెద్దది. మన దగ్గర ఒక బేలు సుమారు 170 కిలోలు. ప్రెస్‌లో బిగించి, చుట్టూ కట్లు వేసి వదులుతారు. పైన నీళ్ళు కొడితే పైన ఆరుతుంది, లోపల నిప్పు సొరంగం తవ్వుకుంటూ పోతుంది. పొగ కూడా రాదు. రెండు రోజుల తర్వాత గోడౌన్లో మళ్ళీ లేస్తుంది. కట్లు కోసి, బేళ్ళు విప్పదీసి, పొరపొరా తడపాల్సిందే. ఈ స్టేషన్ రెండో బండి ఇప్పటికీ మిల్లు దగ్గరే ఉంది. అది తిరిగొచ్చిన టైము రాసేదాకా ఈ వరస పూర్తి కాదు.

స్టేషన్ ఫైర్ ఆఫీసర్ గదిలోకి వెళితే ఆయన తెల్ల కాగితం మీద చిత్తు రాస్తున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా లీడింగ్ ఫైర్‌మన్ నిలబడి రాత్రి సంగతి చెబుతున్నాడు.

“ప్రెస్ పక్కనుంచే లేచింది సార్.”

“నువ్వు చూశావా?”

“మేం వెళ్ళేసరికి షెడ్డంతా అంటుకునే ఉంది సార్. వాచ్‌మన్ చెప్పాడు.”

“అయితే అట్లాగే చెప్పు. ప్రెస్ పక్కనుంచి లేచిందని వాచ్‌మన్ చెప్పాడు.”

ఆఫీసరు గారు రాశారు. అరగంట పాటు వాళ్ళిద్దరి మధ్య ఇదే నడిచింది. అతను ఒక వాక్యం చెబుతాడు, ఈయన దాన్ని విరిచి, చూసింది ఒక పక్కన, విన్నది ఒక పక్కన, అనుకున్నది ఒక పక్కన పెడతారు. చెప్పేదంతా తెలుగు. కాగితం మీద పడేదంతా పొడి పొడి ఇంగ్లిషు. ఎన్ని గొట్టాలు పరిచారు, ఎన్ని బ్రాంచీలు (గొట్టం కొసన నీళ్ళు చిమ్మే ముక్కులు) పట్టారు, పంపు ఎన్ని గంటలు తిరిగింది, నీళ్ళు ఎక్కడ పట్టారు. బండి ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. రెండు బ్రాంచీలు గట్టిగా వదిలితే పది నిమిషాలు కూడా రాదు. మిల్లు బోరు పని చేయలేదు. అరకిలోమీటరు దూరంలోని చెరువు నుంచి మోశారు. బోరు పని చేయలేదన్న వాక్యాన్ని ఆఫీసరు గారు రెండుసార్లు చదువుకుని, “మోటారు ఆన్ చేయగా నీళ్ళు రాలేదు” అని మార్చారు. బోరు ఎండిందా, మోటారు చెడిందా, కరెంటు పోయిందా ఎవరూ చూడలేదు. చూసింది నీళ్ళు రాకపోవడమొక్కటే.

తర్వాత వచ్చింది ‘సపోజ్డ్ కాజ్’ అనే గడి. కారణమని అనుకుంటున్నది. అక్కడ ఆయన కలం ఆగింది.

మన ఊళ్ళలో ఏం కాలినా మర్నాడు పేపర్లో కనిపించే కారణం షార్ట్ సర్క్యూటే. నిజంగా అవీ ఎక్కువే. అయితే ఆ మాట అంత తేలిగ్గా దొరకడానికి ఇంకో కారణం కూడా ఉందని ఆఫీసరు గారు నవ్వుతూ అన్నారు: “కరెంటు మీద పెడితే ఏ మనిషి మీదా పడదండీ.”

డ్రాయరు లోంచి ఒక పొట్లం తీసి విప్పారు. పాత ప్రమాదం ఒకదాంట్లో దొరికిన రాగి తీగ ముక్కలు. కొత్తగా చేరిన వాళ్ళకి చూపించడానికి దాచుకున్నారట. ఒక ముక్క కొసన ఆవగింజంత గుండ్రటి పూస. పూస ఆగిన చోట గీత గీసినట్టు ఉంది, అవతల తీగ మామూలుగానే ఉంది. రెండు తీగలు తగిలి నిప్పు ఎగిసిన చోట ఇలా ఉంటుంది. రెండో ముక్క పొడుగునా జారి, సాగి, వంకర్లు పోయింది. రాగి కరగడానికి దాదాపు 1,085 డిగ్రీల వేడి కావాలి. ఇది బయటి మంటకి కరిగినది. “పూస ఉంటే షార్ట్ సర్క్యూట్ అయినట్టే కదా?” అన్నాను.

“అయినట్టే. కానీ ఎప్పుడు? ముందు తీగ తగిలి మంట లేచిందా, మంట లేచి పైతొడుగు కరిగి తీగ తగిలిందా? రెండు రకాలుగానూ పూస వస్తుంది. పూస ఒక్కటి చూసి చెప్పలేం.”

పత్తి మిల్లులో అనుమానించాల్సినవి ఇంకా ఉన్నాయి. చేల నుంచి వచ్చే పత్తిలో చిన్న రాయో మేకు ముక్కో కలిసి ఉంటుంది. అది యంత్రంలో పడి నిప్పురవ్వ లేస్తే, దూదిని లాక్కెళ్ళే గాలి గొట్టాలు ఆ రవ్వను కూడా లాక్కెళతాయి. లేచిన చోటు ఒకటి, కాలిన చోటు ఇంకొకటి అవుతుంది. ఇరుసు దగ్గర బేరింగ్ వేడెక్కవచ్చు. ఎవరో బీడీ పారేసి ఉండవచ్చు. తడిసిన పత్తి గింజ కుప్పలో తనంతట తానే వేడి పుట్టవచ్చు.

ఈ చివరిది వినగానే గుమ్మం దగ్గర కూర్చున్న ఒకాయన లేచి లోపలికి వచ్చారు. మిల్లు మేనేజరు. రాత్రంతా నిద్ర లేని మొహం ఆయనదీ.

“అది మాత్రం రాయకండి సార్. గింజ అవతలి షెడ్డులో ఉంది. షార్ట్ సర్క్యూట్ అంటే సరిపోతుంది కదా.”

ఆయన భయానికి ఆధారం ఉంది. మామూలు అగ్నిప్రమాద బీమా పాలసీలో సరుకు తనంతట తానే వేడెక్కి కాలితే జరిగే నష్టానికి పరిహారం రాదు. దానికి విడిగా కవరేజి తీసుకోవాలి. కాబట్టి ఆ చిన్న గడిలో పడే రెండు మాటల వెనక సర్వేయరు ప్రశ్నలుంటాయి, బ్యాంకు అప్పు ఉంటుంది, మిల్లు కూలీల వచ్చే నెల జీతం ఉంటుంది.

“మీ గింజ అవతలి షెడ్డులో ఉందని నేనూ చూశానండీ, అది రాస్తాను. షార్ట్ సర్క్యూట్ నేను చూడలేదు,” అన్నారు ఆఫీసరు గారు మెల్లగా. “నష్టం కూడా నేను వేసేది పై అంచనా. అసలు లెక్క మీ స్టాకు పుస్తకాలు చెప్పాలి, సర్వేయరు తేల్చాలి.” మేనేజరు కాసేపు నిలబడి, టీ తాగి వెళ్ళిపోయారు.

గడిలో చివరికి ఏం రాశారో చూశాను. ‘తెలియరాలేదు, విచారణలో తేలాలి’ అనే అర్థం వచ్చే మాట. అమెరికాలో అగ్నిప్రమాదాల పరిశోధకులు ప్రమాణంగా పెట్టుకున్న ఎన్‌ఎఫ్‌పీఏ 921 అనే మార్గదర్శకం 1992లో మొదట వచ్చింది. కారణాలను అది నాలుగు వర్గాలు చేసింది: ప్రమాదవశాత్తు, ప్రకృతి వల్ల, ఎవరో పెట్టినది, నిర్ధారణ కానిది. నాలుగోది కూడా వర్గమే. అది రాస్తే పని చేతకానట్టు కనబడుతుందేమోనన్న జంకు ఎక్కడైనా ఒకటే కాబోలు. “మొదట్లో నాకూ సిగ్గేసేది,” అన్నారాయన. “ఖాళీ ఉంచినట్టుంటుంది కదా. ఇప్పుడు తప్పు మాట రాసినందుకే సిగ్గు.”

గోడ మీద అగ్నిమాపక వారోత్సవాల పోస్టరు ఉంది. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిపేవి. ఆ తేదీ 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో పేలిపోయిన ఎస్‌ఎస్ ఫోర్ట్ స్టికీన్ అనే ఓడది. ఓడలో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, దాంతోపాటే వేల బేళ్ళ పత్తి. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో పొగ కనిపించింది. 4.06కి ఓడ పేలింది. ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో అరవై మందికి పైగా చనిపోయారు. ఆ రెండు గంటల్లో ఎవరు ఏం చెప్పారు, ఓడను ముంచేయాలన్న నిర్ణయం ఎందుకు తీసుకోలేకపోయారు అన్నదే తర్వాత ఎన్నేళ్ళయినా తెగని ప్రశ్న. రాత్రి విప్పిన బేళ్ళు, ఆ పోస్టరు, వాచ్ రూమ్‌లో గంటలూ నిమిషాల వరస నాకు అప్పుడు ఒకచోట చేరినట్టనిపించింది.

పదింటికి ఒక ముసలమ్మ వచ్చింది. పోయిన వారం ఆమె రెల్లు గడ్డి పాక కాలింది. సాయం కోసం తహశీల్దారు ఆఫీసుకి వెళితే ఫైర్ రిపోర్టు తెమ్మన్నారట.

“అంతా పోయింది నాయనా, ఏం రాశావు?”

ఆఫీసరు గారు చదివి తెలుగులో చెప్పారు. నష్టం కింద రూపాయల అంకె చిన్నదే. బియ్యం బస్తా, మంచం, ట్రంకు పెట్టె. కింద రిమార్కుల్లో మాత్రం ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం కాలినట్టు ఆమె చెప్పిందని విడిగా రాసి ఉంది. ఆ వాక్యం ఉంటే వాటి నకళ్ళు తెచ్చుకోవడం తేలికవుతుందని ఆమెకి చెప్పారు.

నష్టం పక్కనే ఇంకో గడి ఉంది, కాపాడిన ఆస్తి. అందులో ఆమె పాక లేదు. ‘ఆనుకుని ఉన్న పూరిళ్ళు 5, గడ్డివాములు 2’ అని ఉంది. ఆ ముసలమ్మకి అది చదివి వినిపించలేదు. వినిపించి ప్రయోజనమూ లేదు. కానీ ఆ రోజు సిబ్బంది చేసిన పని అంతా ఉన్నది ఆ గడిలోనే. కాలింది ఊరంతా చూస్తుంది. కాలకుండా మిగిలిన దాన్ని లెక్కపెట్టేది ఈ ఒక్క కాగితమే.

పాత రిజిస్టర్లు తిరగేస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. శాఖ పేరులో విపత్తు స్పందన కూడా చేరాక మంటలకి సంబంధం లేని వరసలు చాలా కనిపిస్తాయి. బావిలో పడ్డ గేదె, వాగులో చిక్కుకున్న ట్రాక్టరు, సెల్ టవరెక్కిన కుర్రాడు. తప్పుడు కాల్స్‌లోనూ రెండు రకాలు. ఆకతాయి చేసింది ఒకటి, మంచి ఉద్దేశంతో పొరబడింది ఇంకొకటి. చేలో మిరప కట్టె తగలబెడుతుంటే దూరం నుంచి పొగ చూసి, ఇళ్ళనుకుని ఫోన్ చేసినవాడిది రెండోది. వృథాగా తిరిగిన డీజిలు లెక్క రెండింటికీ ఒకటే అయినా, అతన్ని ఆకతాయి పక్కన కూర్చోబెట్టరు. వచ్చేసారి కూడా అతను ఫోన్ చేయాలి కదా.

బయల్దేరబోతుంటే ఆఫీసరు గారు నా నోటుపుస్తకం వైపు చూశారు. “మీరేం రాసుకున్నారో చదవండి, విందాం.”

మొదటి పేజీ చదివాను. ‘అర్ధరాత్రి ఆకాశాన్నంటిన మంటల్లో...’

ఆయన నవ్వలేదు. “మీరొచ్చింది ఏడింటికి కదండీ?”

అక్కడే నిలబడి ఆ వాక్యం కొట్టేశాను. ఆవరణలో గొట్టాలు ఇంకా పూర్తిగా ఆరలేదు. అదైతే నేను చూసిందే. దాంతోనే మొదలుపెట్టాను.