ధైవతం నుంచి షడ్జానికి

నాన్న గుంటూరులో మా చర్చిలో పాతికేళ్ల పైన కీర్తనలు ఎత్తుకున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. నాన్న ముందు అవి చూసుకునేవారు. హార్మోనియం మీద షడ్జం పట్టి, తొడ మీద ఒక దెబ్బ వేసేవారు. ఆ దెబ్బతో గుడి నిండా గొంతులు లేచేవి. నేను తాళం నేర్చుకున్నది ఆ చేతిని చూసే. ముప్పై నాలుగో ఏట ఇంగ్లండ్‌లో క్వయర్ కండక్టింగ్ పీజీ సీటు కోసం ఆడిషన్‌కి నిలబడ్డప్పుడు నన్ను వెనక్కి లాగింది కూడా ఆ అలవాటే.

ఊరికి ఫోన్ చేస్తే మా పిన్ని అడిగింది, "చెయ్యి ఆడించడానికి రెండేళ్ల చదువేంటమ్మా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మన బృందగానంలో అందరూ పాడేది ఒకే వరస. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్‌తో వేర్వేరు గొంతులకు వేర్వేరు వరసలు ఇచ్చి పాడించారు గానీ, మనలో చాలామందికి బృందగానమంటే ఇప్పటికీ ఆకాశవాణిలో విన్న దేశభక్తి గీతమే. ఇక్కడి క్వయర్‌లో సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు వరసలు ఒకేసారి నడుస్తాయి. తరచుగా వాయిద్యం ఏదీ తోడుండదు, తంబురా అసలే ఉండదు. ముందు నిలబడ్డ మనిషి మాత్రం ఒక్క స్వరం కూడా పాడకుండా ఆ నాలుగింటినీ కలిపి ఉంచాలి.

బర్మింగ్‌హామ్‌లో కాపురం పెట్టి పదకొండేళ్లు. ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం. మొదటి చలికాలం ఒక సాయంత్రం రైలెక్కి లిచ్‌ఫీల్డ్ వెళ్లి, మూడు శిఖరాల ఆ కెథెడ్రల్‌లో ఈవెన్‌సాంగ్ అనే సాయంకాలపు ఆరాధనకు కూర్చున్నాను. వినేవాళ్లం పదిహేను మందిమి ఉంటామేమో. పాడేవాళ్లు మాకంటే ఎక్కువ. అయినా పండగ నాటి శ్రద్ధతో పాడారు. ఈ ఆరాధనను బీబీసీ 1926లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే నుంచి మొదటిసారి రేడియోలో వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేస్తే, "శ్రుతి ఎవరిచ్చారు?" అన్నారు ముందుగా. నేను గమనించలేదని చెప్పాను.

తర్వాత మా పేటలో ఉన్న ఒక చిన్న క్వయర్‌లో ఆల్టోగా చేరాను. స్టాఫ్ నొటేషన్ కింద పెన్సిల్‌తో తెలుగులో సరిగమలు రాసుకునేదాన్ని. మన షడ్జం ఎక్కడికైనా కదులుతుంది కాబట్టి, చూసిన వెంటనే పాడటం నాకు తోటివాళ్ల కంటే త్వరగా పట్టుబడింది. మమ్మల్ని నడిపించే ఆవిడ వేరే ఊరికి మారినప్పుడు ఆరు వారాలు నన్ను ముందు నిలబెట్టారు. ఆ ఆరు వారాల్లో నాకు తెలిసొచ్చింది ఇదే నా పని అని.

సంగీత కళాశాలలకు దరఖాస్తులు అక్టోబరు మొదట్లో ముగుస్తాయి, ఆడిషన్లు నవంబరు, డిసెంబరుల్లో. దరఖాస్తుతోపాటు వీడియో అడిగారు. కెమెరా పాడేవాళ్ల వెనక ఉండి కండక్టర్ ముఖాన్ని పట్టాలి. అందంగా పాడించిన కచేరీ ఒక్కటీ సరిపోదు, రిహార్సల్ కూడా కావాలి. తప్పు ఎక్కడ విన్నావు, ఎన్ని మాటల్లో సరిచేశావు, పాడేవాళ్లను ఎంతసేపు ఊరికే నిలబెట్టావు, ఇవన్నీ చూస్తారు. ఈ పద్ధతి నాకు చాలా న్యాయంగా అనిపించింది. ఎనిమిది మంది స్నేహితులను, వరసకు ఇద్దరు చొప్పున, మూడు ఆదివారాలు మా ఇంటికి పిలిచాను. పొద్దున్నే పులిహోర కలిపి పెట్టేదాన్ని. నా కోసం గంటల తరబడి పాడినవాళ్లకు నేను ఇవ్వగలిగింది అదొక్కటే.

ఆడిషన్‌లో పాడించాల్సిన పాటల్లో ఒకటి ఆస్ట్రియా స్వరకర్త బ్రుక్నర్ రాసిన లోకస్ ఇస్టే. 1869లో లింజ్ నగరంలో కొత్త కెథెడ్రల్‌లోని ఒక ప్రార్థనామందిర ప్రతిష్ఠ కోసం రాశాడు. వాయిద్యాలు లేవు. మొత్తం 48 బార్లు, మూడు నిమిషాల పాట. సి మేజర్, అంటే స్థూలంగా మన శంకరాభరణం మెట్లు. చూడ్డానికి సులువు. చిక్కంతా మధ్యలో ఉంది. అక్కడ బాస్‌లు పాడటం ఆపేస్తారు. పై మూడు గొంతులు మాత్రం సన్నగా, అర్ధస్వరాల్లో జారుతూ నడుస్తాయి. షడ్జం చోటు మార్చే మన గ్రహభేదం గుర్తొస్తుంది గానీ ఇక్కడ షడ్జంతోపాటు స్వరాలూ మారుతుంటాయి. కాళ్ల కింద నేల తీసేసినట్టుంటుంది. తర్వాత బాస్‌లు తిరిగి వస్తారు, మొదటి వరస మళ్లీ సి మేజర్‌లో ఎత్తుకుంటారు. మధ్యలో గొంతులు ఎంత దిగజారాయో అప్పుడు బయటపడుతుంది.

మొదటి ఆడిషన్‌లో నాకు బయటపడలేదు. పదహారు మంది విద్యార్థులు పాడారు, ఇరవై నిమిషాలు పాడించాను. ఉచ్చారణ సరిచేశాను, టెనర్‌లను కాస్త తగ్గించాను, బాగానే జరిగిందనుకున్నాను. అయ్యాక పరీక్షకుల్లో ఒకాయన మృదువుగా అడిగారు, "ఏ శ్రుతిలో ముగించారు?" సి మేజర్ అన్నాను. ఆయన లేచి వెళ్లి పియానో మీద సి నొక్కారు. మేం ముగించింది దాదాపు బి దగ్గర. అర్ధస్వరం దిగిపోయాం. సీటు రాలేదు.

తిరుగు రైల్లో నన్ను బాధపెట్టింది సీటు పోవడం కాదు. చిన్నప్పటి నుంచి శ్రుతి మీద పెరిగినదాన్ని, అంత తేడా ఎలా వినలేకపోయాను? వారం రోజులు ఆలోచిస్తే అర్థమైంది. నేను పెరిగినది శ్రుతిపెట్టె పక్కన, హార్మోనియం పక్కన. షడ్జం ఎప్పుడూ నా బయట మోగుతూ ఉండేది, నేను దానికి కలిసేదాన్ని. ఇక్కడ బయట మోగేది ఆ పదహారు గొంతులే. అవి దిగుతుంటే నా షడ్జం కూడా వాటితోపాటే దిగింది. నేను తప్పకుండా శ్రుతిలోనే ఉన్నాను, వాళ్ల శ్రుతిలో.

ఆ తర్వాత ఏడాది నెలకు రెండుసార్లు ఒక పెద్దావిడ దగ్గర పాఠాలకు వెళ్లాను. మొదటి రోజే ఆవిడ నా వీడియో శబ్దం తీసేసి చూపించారు. నా చెయ్యి కిందికి వచ్చి దెబ్బ కొడుతోంది, అచ్చం నాన్న చెయ్యిలా. తాళంలో దెబ్బ పడ్డ క్షణమే అసలు సంగతి. పాడేవాళ్లకు పాట ముందే తెలుసు, గాలి వాళ్లే చూసుకుంటారు. కండక్టింగ్‌లో దెబ్బ పడేసరికి చెప్పాల్సింది అయిపోయి ఉండాలి. దానికి ముందు చెయ్యి పైకి లేచే క్షణంలోనే వేగం, బలం, అచ్చు ఆకారం, అన్నిటికంటే ముందు ఊపిరి, పాడేవాళ్లకు అందాలి. నా చెయ్యి లేచేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. నన్ను చూస్తున్నవాళ్లూ బిగబట్టారు. పైపైన తీసుకున్న గాలితో మూడు నిమిషాల నెమ్మది పాట పాడితే వాక్యం చివర్లు వాలతాయి, ఎక్కే మెట్లు చిన్నవవుతాయి, దిగే మెట్లు పెద్దవవుతాయి. శ్రుతి దిగజారింది అక్కడ. వాళ్ల గొంతుల్లో నేను వెతికిన తప్పు నా చేతిలో ఉంది.

ఆవిడ ఇంకొకటి చేశారు. ఇంట్లో పియానోతో సాధన మాన్పించారు. పియానో మీద సి మేజర్ గాంధారం సహజమైన గాంధారం కంటే సుమారు 14 సెంట్లు, అంటే అర్ధస్వరంలో ఏడో వంతు, ఎక్కువ ఉంటుంది. మంచి క్వయర్ పాడేది సహజ గాంధారం, తంబురా తీగ సరిగ్గా మోగినప్పుడు దానంతటది వినిపించేది. ఆవిడ ఆ గాంధారం పాడి వినిపించినప్పుడు, ఇన్నేళ్ల పరాయి దేశంలో మొదటిసారి ఎవరో నా ఇంటి భాషలో పలకరించినట్టయింది.

ఇక ట్యూనింగ్ ఫోర్క్. మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకుంటే 440 హెర్ట్జ్ ఎ పలుకుతుంది. సి మేజర్‌లో అది చతుశ్రుతి ధైవతం. దాన్నుంచి పై షడ్జం లోపలే ఎక్కి, నాలుగు వరసలకూ మొదటి స్వరాలు నెమ్మదిగా పాడి ఇవ్వాలి. నిద్ర లేవగానే, ఫార్మసీలో టీ తాగేటప్పుడు, బస్సు దిగేముందు ధైవతం, నిషాదం, షడ్జం అనుకున్నాను. ముందు మనసులో పలికి, తర్వాత ఫోర్క్‌తో సరిచూసుకునేదాన్ని. ఎంత తక్కువైందో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అలసిపోయిన రోజుల్లో తక్కువ, జలుబు చేసిన రోజుల్లో మరీ తక్కువ.

మళ్లీ డిసెంబరు. వేరే ఊరు, వేరే కళాశాల, అదే పాట. ఫోర్క్ తట్టి స్వరాలు ఇచ్చాను. చెయ్యి లేపుతూ నడుము దాకా గాలి తీసుకున్నాను. ఎదురుగా పన్నెండు మంది పక్కటెముకలు విచ్చుకోవడం కనపడింది. బాస్‌లు ఆగిన చోట నా సి నేను లోపల పట్టుకునే ఉన్నాను, ఆల్టోలు దాని కిందికి వాలడం ఈసారి విన్నాను. ఆపి, అక్కడ మళ్లీ గాలి తీసుకొమ్మని ఒక్క మాట చెప్పాను. రెండోసారి వాలింది చాలా కొంచెం. ముగింపుకు కాస్త ముందు ఆ పాటలో అందరూ ఆగే ఒక నిశ్శబ్దం ఉంది. అక్కడ చెయ్యి గాల్లో అలాగే ఉంచి, గదిలో మిగిలిన నాదం ఆరేదాకా ఆగి, తర్వాత ఊపిరి ఇచ్చాను.

సీటు వచ్చిన సంగతి చెప్పినప్పుడు నాన్న ఎక్కువ మాట్లాడలేదు. ఆయనకిప్పుడు హార్మోనియం బెలోస్ నొక్కడానికి చేతిలో బలం లేదు. "అమ్మాయ్, శ్రుతి ఎవరిచ్చారు?" అన్నారు. "నేనే నాన్నా," అన్నాను. "ఏదీ, ఇవ్వు," అన్నారు. ఫోర్క్ పక్క గదిలో ఉంది. తెచ్చుకోకుండానే పాడాను. అటునుంచి ఆయన, ఊపిరి అందక మధ్యలో ఆగుతూ, పంచమం కలిపారు.