గెలిచినా బానిసే

'సెస్టస్: ద రోమన్ ఫైటర్' అని 2021లో జపాన్ టీవీలో వచ్చిన యానిమే సిరీస్ ఒకటుంది. మొత్తం 11 ఎపిసోడ్లే. షిజుయా వజరాయ్ 1997లో మొదలుపెట్టిన మాంగా దీనికి మూలం.

కథ జరిగేది క్రీ.శ. 54 ప్రాంతంలో. పదహారేళ్ళ నీరో అప్పుడే రోమ్ గద్దెనెక్కాడు. సెస్టస్ అంటే ఆనాటి బాక్సర్లు చేతులకి చుట్టుకునే తోలుపట్టీ. మన హీరో పేరూ అదే. వాడో బానిస కుర్రాడు.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. ఫైట్లేమో కంప్యూటర్ గ్రాఫిక్స్, మిగతాదంతా మామూలు బొమ్మలు. రెండూ అతకలేదు. బాక్సింగ్ సిరీస్‌లో బాక్సింగే తేలిపోతే ఇంకేం చూస్తాం చెప్పండి?

అయినా చివరిదాకా చూశాను. మామూలు స్పోర్ట్స్ కథల్లో హీరో గెలవగానే మనం విజిలేస్తాం. ఇక్కడ అది కుదరదు. మొదట్లోనే వాడు తన స్నేహితుడు రొక్కోతో తలపడాలి. ఓడినవాడికి చావే. గెలిచినవాడికి దక్కేది స్వేచ్ఛ కాదు, ఇంకో పోటీ!

అటు నీరో కూడా తల్లి అగ్రిప్పినా గుప్పిట్లోనే ఉంటాడు. కాకపోతే బరిలో దెబ్బలు తినేది మాత్రం బానిసే.

ఈ సరదా అంతా ఎవరి కోసమయ్యా అంటే, గ్యాలరీలో కూర్చున్నవాళ్ళ కోసం. ఫైట్లో పస లేదని మనం విసుక్కుంటుంటే, ఆ జనానికీ మనకీ తేడా ఏంటబ్బా అనిపిస్తుంది..

యాక్షన్ కోసమైతే వద్దు. కథ కోసమైతే తప్పక చూడండి. నా మార్కులు 10కి 6.