పిన్ని పచ్చడి సీసా, నల్లబడ్డ నారింజ

మా పిన్ని 2010 నుంచి పచ్చళ్ళు పెట్టి అమ్ముతోంది. 2023 సంక్రాంతికి ఊరెళ్తే "ఒరేయ్, లేబుల్ మీద ఫోన్ నంబరు మార్చాలి, లైసెన్సు నంబరు కలపాలి. నువ్వు కంప్యూటర్ పనే కదా చేసేది" అంది. సాఫ్టువేరోడంటే మిక్సీ దగ్గర్నుంచి టీవీ రిమోటు దాకా అన్నీ బాగుచేస్తాడని మనవాళ్ళ నమ్మకం, మీకు తెలిసిందేగా. సరే అని పాత సీడీలోంచి పీఎస్‌డీ ఫైలు తీసి ఫోటోషాప్‌లో తెరిచా. నారింజ రంగు ఉండాల్సిన చోటంతా కటిక నలుపు!

వైరస్ అనుకున్నా ముందు. తీరా చూస్తే లైసెన్సు గొడవ. 2022 నవంబరులో అడోబీ తన సాఫ్టువేర్లలోంచి పాంటోన్ రంగుల పుస్తకాలు చాలావరకు తీసేసింది. కావాలంటే నెలకు దాదాపు 15 డాలర్లు కట్టి ప్లగిన్ పెట్టుకోవాలిట. అంటే, డబ్బులిచ్చి చేయించుకున్న లేబుల్ రంగు చూడ్డానికి మనం అద్దె కట్టాలన్నమాట! ఒళ్ళు మండింది.

ఆ మంటలో ఓ తెలివితక్కువ పని చేశా. పాత సీసా పక్కన పెట్టుకుని, కంటికి దగ్గరగా ఉన్న నారింజ ఎంచుకుని, ఫైలంతా సీఎంవైకేలోకి మార్చేసి ఓ ప్రెస్సుకి పంపేశా. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. వెయ్యి లేబుళ్ళు వచ్చాయి. బంతిపువ్వులా మెరవాల్సిన రంగు మట్టికొట్టుకుపోయింది. చిన్న అక్షరాలైతే మరీ ఘోరం. మెజెంటా ప్లేటు, పసుపు ప్లేటు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా చాలు, ఒత్తులన్నీ అలుక్కుపోతాయి. కొట్టువాడు పిన్నిని "ఇది మీ సరుకేనా, డూప్లికేటా?" అని అడిగాడట. పదమూడేళ్ళ పేరు! పిన్ని నన్నేమీ అన్లేదు గానీ, ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అప్పుడు వెళ్ళా, మొదట లేబుల్ వేసిన ప్రెస్సాయన దగ్గరికి. ఆయన మానిటర్ వంక కూడా చూడలేదు. "చానెల్ పేరేంటండీ?" అన్నాడు. పాంటోన్ ఆరెంజ్ 021. "మరింకేం? ఆ ఇంకు డబ్బాలో ఉంటుంది, మీ ఫైల్లో కాదు" అన్నాడు.

స్పాట్ కలరంటే విలువ కాదండీ, పేరు. మన భాషలో పాయింటర్. ఆయనది రెండు రంగుల మెషీను. నలుపుకో ప్లేటు, నారింజకో ప్లేటు, అంతే. ఆ స్పాట్ చానెల్లో ఉండేది ఇంకు ఎక్కడ ఎంత పడాలన్న లెక్కే. స్క్రీన్ మీద నల్లగా కనిపించినా ప్లేటు మాత్రం అదే వస్తుంది. నేనేమో పాయింటర్ పీకేసి, కంటికి తోచిన విలువ హార్డ్‌కోడ్ చేశా. పైగా 021 నారింజ నాలుగు ఇంకుల కలయికకి అందేది కాదు.

అదృష్టం, పాత ఫైలు మీద సేవ్ చెయ్యలేదు. చానెల్ పేరు ముట్టుకోకుండా, కనిపించే రంగు మాత్రం చేత్తో నారింజ చేసుకున్నా. పాత నంబరు చెరిపి, కొత్తవి రెండూ అదే చానెల్లో కొట్టి ఇచ్చా. రూపాయి అద్దె కట్టలేదు. వారంలో అసలు రంగుతో లేబుళ్ళొచ్చాయి.

పాడైన వెయ్యీ పిన్ని పారెయ్యలేదు. వెనక్కి తిప్పి పాలవాడి లెక్కలు రాసుకుంటోంది. నేను వెళ్ళినప్పుడల్లా సరిగ్గా నా ముందే రాస్తుంది.