ఉక్కు ఊళ్లో బంతి కబుర్లు

విశాఖ నుంచి రాయ్‌పూర్ వైపు వెళ్లే రైలు విజయనగరం దాటాక రాయగడ, టిట్లాగఢ్ మీదుగా కొండల్లోంచి పోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు ఈ దారినే భిలాయ్ చేరాయి. సోవియట్ యూనియన్‌తో ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ రోజుల్లో తట్ట, పలుగు పట్టుకుని వచ్చినవాళ్ల పిల్లలు ఫిట్టర్లయ్యారు, ఫోర్‌మన్లయ్యారు. మనవలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయారు. ఖుర్సీపార్‌లో, క్యాంపుల్లో, సెక్టార్ల క్వార్టర్లలో పెద్దవాళ్లు మిగిలారు. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర కాసేపు నిలబడితే చాలు, సిక్కోలు యాస చెవిన పడుతుంది.

నేను వెళ్లింది వాళ్ల ఫుట్‌బాల్ కబుర్లు వినడానికి. భిలాయ్‌కి దేశమంతా తెలిసిన క్లబ్బేమీ లేదు. జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి టాటా ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, ఇప్పుడు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) జట్టూ ఉంది. బొకారోలో సెయిల్ అకాడమీ ఉంది. భిలాయ్ పేరు ఎక్కువగా వినిపించింది ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌లో. మరి సొంత జట్టు లేని ఊళ్లో ఎవరి కోసం గొంతు చించుకుంటారు? ఎవరి జట్టుని వాళ్లు ఊరి నుంచి మూట కట్టి తెచ్చుకున్నారు. ఊరి నుంచి తెచ్చుకోనివాళ్లు పక్కింటివాళ్లని చూసి నేర్చుకున్నారు.

నాకు చోటిచ్చిన పెద్దాయన రైలు పట్టాల మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. వీధంతా ఆయన్ని మావయ్య అనే పిలుస్తుంది. చలికాలం సాయంత్రాలు ఆయన క్వార్టర్ ముందు, నిమ్మచెట్టు పక్కన, చిల్లులు పడిన ఇనప తట్టలో నిప్పులు రాజేస్తారు. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు. ఒక కుర్చీ పక్కింటి బెంగాలీ దాదాది. ఒకటి డ్రిల్లు మాస్టారిది, ఆయనది సికింద్రాబాద్. ఇంకొకటి సెక్టార్ 9 ఆస్పత్రిలో నర్సుగా చేసిన మలయాళీ ఆంటీది. ఆవిడ వచ్చేదాకా ఎవరూ వాదన మొదలుపెట్టరు, తీర్పరి ఆవిడే కాబట్టి.

"మా నాన్నకి బంతంటే ఏటో తెలీదు బాబూ," అన్నారు మావయ్య. "ఈ దాదా నాన్నగారే నేర్పారు. మోహన్ బగాన్ గెలిస్తే వాళ్లింట్లో రొయ్యలు. ఆ వాసనకి మేం గోడ దూకీసేవోళ్లం. అలగ మోహన్ బగాన్ వోళ్లమైపోయినాం."

కోల్‌కతాలో ఇది పాత ఆచారం. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ. ఆ ఇలిశ మన గోదావరి పులసే. మావయ్య తమ్ముడు మాత్రం రొయ్యలకు లొంగలేదు. అవతలి వీధిలో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబంతో స్నేహం చేసి ఈస్ట్ బెంగాల్ మనిషైపోయాడు. 1975 సెప్టెంబర్ 30న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ని ఓడించింది. అన్నదమ్ములిద్దరూ ఆ వారమంతా ఒకే కంచం దగ్గర కూర్చుని కూడా మాట్లాడుకోలేదట. ఇప్పటికీ ఆ తమ్ముడు ఫోన్ చేస్తే 'హలో' అనడు. 'అయిదు' అంటాడు. దాదా దగ్గర దానికి ఒకటే జవాబు: 1911. ఆ ఏడాది జులై 29న మోహన్ బగాన్ ఆటగాళ్లు దాదాపు అందరూ ఉత్తికాళ్లతో ఆడి, తెల్లవాళ్ల ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి అదే షీల్డ్ గెలిచారు. "అయిదు గోల్స్ ఎవరైనా కొడతారు. ఆ రెండు గోల్స్ కొట్టినవాళ్లని చూపించు," అంటారాయన, భిలాయ్ షిఫ్టుల్లో నేర్చుకున్న తెలుగులో.

ఆ తమ్ముడు తర్వాత విశాఖ ఉక్కులో చేరాడు. దాంతో ఇంకో చిక్కు. స్టీల్ ప్లాంట్స్ స్పోర్ట్స్ బోర్డు ఏటా ఉక్కు కర్మాగారాల మధ్య పోటీలు పెడుతుంది. భిలాయ్, బొకారో, రూర్కెలా, దుర్గాపూర్, టాటా, విశాఖ. భిలాయ్, విశాఖ తలపడితే ఈ చలిమంట చుట్టూ ఉన్న తెలుగువాళ్లు ఎటు? జీతమిచ్చింది భిలాయ్. ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్నది విశాఖ ఉక్కు. ఈ ప్రశ్న అడిగినప్పుడు మావయ్య చాలాసేపు నిప్పులు ఎగదోశారు. "ఆడేటప్పుడు భిలాయ్. అయిపోయాక ఎవులు గెలిచినా మనోళ్లే," అన్నారు చివరికి. మాస్టారు ఒప్పుకోలేదు. ఆట చూసేవాడికి ఒకే పక్షం ఉండాలని, లేకపోతే ఆ చూపులో ఉప్పూ కారం ఉండవని ఆయన పట్టు. నేనూ మాస్టారి పక్షమే. కానీ మావయ్య మొహం చూశాక, రెండు ఊళ్ల ఉప్పు తిన్నవాడి కష్టం వేరని అర్థమైంది.

డిసెంబరు సెలవులకి వచ్చిన మావయ్య మనవడు మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. వాడి ఫుట్‌బాల్ వేరు, హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడేది. కాలేజీ పిల్లల ఆటకి లక్షా ఏడు వేల మందికి పైగా పట్టే స్టేడియం ఉందంటే మాస్టారు నమ్మలేదు. వాడు ఫోన్లో ఫోటో చూపించాడు. ఒహాయో స్టేట్‌తో వాళ్ల వైరం 1897 నాటిదట. ఆ మ్యాచ్ జరిగే వారంలో ఒహాయోలో మిషిగన్ పేరులోని 'ఎమ్' అక్షరాన్ని బోర్డుల మీద కూడా కొట్టేస్తారట.

"మరి మోసాలు?" అని ఆంటీ అడిగారు. మనవడు కాస్త ఇబ్బంది పడ్డాడు, ఎందుకంటే 2023లో దొరికింది వాడి జట్టే. అక్కడ కోచ్‌లు మైదానం పక్కనుంచి చేతి సైగలతో ఎత్తుగడ చెబుతారు. ప్రత్యర్థుల మ్యాచ్‌లకు ముందే మనుషుల్ని పంపి ఆ సైగల్ని వీడియో తీయించారన్నది ఆరోపణ. అలా పంపడం 1994 నుంచే నిషేధం. కోచ్ జిమ్ హార్‌బా చివరి మూడు లీగ్ మ్యాచ్‌లకు మైదానంలోకి రాకుండా శిక్ష పడింది. ఆ మూడింటిలో ఒహాయోతో మ్యాచ్ కూడా ఉంది. అయినా మిషిగన్ 30-24తో గెలిచింది, 2024 జనవరిలో జాతీయ విజేత కూడా అయింది. "అందరూ చేస్తారు తాతా, మావాళ్లు దొరికారంతే," అన్నాడు.

"దొరికినోడే దొంగ!" అని మంట చుట్టూ ఒకటే గోల.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. 2004లో గోవా రెండో డివిజన్ లీగ్. పై మెట్టు ఎక్కడానికి రెండు జట్ల మధ్య పోటీ, గోల్స్ తేడాయే తేల్చాలి. ఒకే రోజు ఒక జట్టు 55-1తో గెలిచింది, ఇంకో జట్టు 61-1తో. నాలుగు క్లబ్బుల్నీ ఏడాది పాటు నిషేధించారు. "తొంభై నిమిషాల్లో అరవై ఒకటి! బంతి తెచ్చి మధ్యలో పెట్టడానికైనా టైముండాలి కదరా," అని ఆయన చేత్తో లెక్కేసి చూపించారు. ఆ ఓడిన జట్టు కొట్టిన ఒక్క గోల్ సంగతి ఆలోచించమన్నారు.

దీనికి మావయ్య ఇచ్చిన జవాబు అందరికన్నా నాకు నచ్చింది, ఇది ఈ ఊరి సొంతం కాబట్టి. చాలా ఏళ్ల కిందట విభాగాల మధ్య జరిగే పోటీలో ఒక విభాగం వాళ్లు బయటి కుర్రాణ్ని తెచ్చి, సెలవులో ఉన్న హెల్పర్ పేరు మీద దింపారు. కుర్రాడు రెండు గోల్స్ కొట్టాడు. గట్టు మీద వాళ్ల జనం ఆ హెల్పర్ పేరు పెట్టి అరుస్తున్నారు. ఎంత అరిచినా వాడు తిరిగి చూడడు. పేరు తనది కాదు మరి! అవతలి జట్టు కెప్టెన్‌కి అనుమానమొచ్చి, హాఫ్ టైములో దగ్గరికెళ్లి మెల్లిగా "నీ టోకెన్ నంబరెంత?" అన్నాడు. కుర్రాడు బూట్లు చేతబట్టుకుని పరుగో పరుగు. ఈ కథ వాళ్లు ఎన్నిసార్లు విన్నారో. అయినా 'టోకెన్ నంబరు' దగ్గరికి వచ్చేసరికి నలుగురూ కలిసి అన్నారు.

నవ్వులు సద్దుమణిగాక దాదా 1980 ఆగస్టు 16 గురించి చెప్పారు. ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల మ్యాచ్‌లో అభిమానులు కొట్టుకుని, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. "ఆ రోజు నుంచి మా నాన్న ఈస్ట్ బెంగాల్ వాళ్లని ఒక్క మాట అనలేదు. మమ్మల్నీ ఒక హద్దు దాటనివ్వలేదు," అన్నారు. ఈ మంట దగ్గర వెక్కిరింతలు ఎంత ముదిరినా ఎవరి కులం, భాష, ఊరు జోలికి వెళ్లకపోవడం నేను అప్పటికే గమనించాను. ఆ కట్టుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు నన్ను క్వార్టర్ల మధ్య ఉన్న మైదానానికి తీసుకెళ్లారు. గోల్‌పోస్టులు ఇనప పైపులతో చేసినవి, వల లేదు. పైన అడ్డపైపు అతికిన చోట వెల్డింగు గీత చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి సమంగా పడి ఉంది. తుప్పు పైపంతా పట్టింది కానీ ఆ అతుకు దగ్గర చీలిక లేదు. రిటైరైన తన స్నేహితుడొకడు సెలవురోజు వచ్చి వేసిన అతుకని మాస్టారు దాన్ని అరచేత్తో తడిమి చూపించారు. పక్కన క్రికెట్ పిచ్ ఉంది, అక్కడే పిల్లలు ఎక్కువ. ఫుట్‌బాల్ దగ్గర కొద్దిమందే. కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగులు ఏటేటా తగ్గుతున్నారు. రిటైరైనవాళ్లు పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇది ఈ ఊరి ఆటకి తగిలిన అసలు దెబ్బ. మాస్టారు మాత్రం నారాయణ్‌పూర్ మాట ఎత్తారు. బస్తర్ అడవుల అంచున రామకృష్ణ మిషన్ ఆశ్రమం మైదానంలో 2024లో అండర్-20 జాతీయ పోటీలు జరిగాయి. "ఛత్తీస్‌గఢ్ ఫుట్‌బాల్ ఇక అక్కడి నుంచి వస్తుంది, చూడండి," అన్నారు.

నన్ను అన్నిటికన్నా కదిలించింది ఆయన నోట హైదరాబాద్. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో క్యాన్సర్‌తో జకార్తా వెళ్లి, లక్షమంది వెక్కిరిస్తుంటే దక్షిణ కొరియాని 2-1తో ఓడించి, ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చి, 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆయన గురించి సినిమా రావడానికి 2024 దాకా పట్టింది, అదీ హిందీలో. తెలుగు పత్రికల్లో పనిచేసేవాళ్లం మనం ఈ మనుషుల్ని ఇన్నేళ్లు వదిలేశాం. 2022లో షూటౌట్‌లో కేరళని ఓడించి ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన సంగతి మాస్టారు ఎత్తగానే ఆంటీ అందుకున్నారు: "కప్పు మీకు, జట్టు ఢిల్లీకి. మా జట్టు మా దగ్గరే ఉంది." మాస్టారి దగ్గర దానికి జవాబు లేదు.

ఆ సాయంత్రం పాత క్యాలెండర్ కాగితాల వెనక రెండు జట్లు రాశారు. మాస్టారిది హైదరాబాద్ పదకొండు, దాదాది కోల్‌కతా పదకొండు. మొదటి గొడవ తులసీదాస్ బలరాం గురించి. పుట్టింది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ, రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. కానీ ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, ఉత్తరపారాలో స్థిరపడి, 2023లో బెంగాల్‌లోనే కన్నుమూశారు. మోహన్ బగాన్ మనిషైన దాదా ఆయన కోసం ఈస్ట్ బెంగాల్ తరఫున వాదించడం అందరికీ వింతగా తోచింది. మహమ్మద్ హబీబ్ సంగతి తొందరగానే తేలింది. 1977లో పీలే వచ్చిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్‌కి గోల్ కొట్టినా, హైదరాబాద్ తిరిగొచ్చి అక్కడే కన్నుమూశారు కాబట్టి మాస్టారికే ఇచ్చారు.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ దగ్గర ముడిపడింది. జకార్తా ఫైనల్లో గోల్‌పోస్టు ముందు నిలబడింది ఆయనే. పుట్టింది హైదరాబాద్‌లో. ఆడింది కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకీ. మాస్టారు, దాదా ఇద్దరూ కలం లాక్కుంటుంటే మావయ్య కుర్చీలోంచి లేచారు. "ఆగండి. ఆట మానీసినాక ఆయన ఎక్కడున్నాడు? బొకారోలో! పోయింది ఎక్కడ? 2008లో, బొకారోలోనే! ఉక్కు ఊరి మనిషి. మీ ఇద్దరికీ కాదు, మాకు చెందుతాడు."

కాసేపు ఎవరికీ మాట రాలేదు. "మరి నీ జట్టేది? మిగతా పదిమందిని రాయి," అన్నారు దాదా. మావయ్య దగ్గర పదిమంది లేరు, ఒక్క గోల్‌కీపరే ఉన్నాడు. ఆంటీ తీర్పు చెప్పారు: మొదటి సగం హైదరాబాద్‌కి, రెండో సగం కోల్‌కతాకి, ఇంటర్వెల్‌లో ఉక్కు వాళ్లతో టీ తాగుతాడు. రెండు కాగితాల మీదా తంగరాజ్ పేరు పడింది. పెనాల్టీ షూటౌట్ వస్తే ఏ వైపు నిలబడతాడని మనవడు అడిగాడు. అంతే, ముగ్గురూ మళ్లీ కలం మీద పడ్డారు.