తొలి పట్టీ తిన్నగా

మార్కాపురం అంటే పలకలు. గనిలోంచి తీసిన రాతికి ఉలి మోపి సుత్తితో తడితే పుస్తకంలో పుటలా పొర విడివడుతుంది. దానికి చెక్క చట్రం బిగిస్తే బడిపలక. పలకకు గిరాకీ తగ్గాక అదే రాయి టైల్స్‌గా దూరదేశాల గోడలకు వెళ్తోంది. ఇతరుల గోడలను సింగారించే ఈ ఊళ్లలో ఇప్పుడు మన గోడలకు వాల్‌పేపర్ వస్తోంది. వస్తే మంచిదే. కానీ ముందు గోడను చూసుకోవాలి.

మార్కాపురం, గిద్దలూరు 1970లో ప్రకాశం జిల్లాకు రాకముందు కర్నూలు జిల్లావి. ఇక్కడి పాత ఇళ్ల గోడల మీద ఎన్ని సంక్రాంతుల సున్నం పేరుకుందో! ఆ సున్నం మీదే కాగితం అంటిస్తే జిగురు సున్నాన్ని పట్టుకుంటుంది తప్ప గోడను కాదు. ఆరాక రెండూ కలిసి పెచ్చులుగా ఊడివస్తాయి. సున్నం గీకాలి, లప్పం పెట్టాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి. గోడ అడుగున ఉప్పు పొంగుతుంటే చెమ్మ సంగతి తేలేదాకా కాగితం ఊసే వద్దు.

మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు. పదడుగుల ఎత్తు గోడకు ఒక్కో రోలులో మూడు పట్టీలొస్తాయి. పువ్వుకు పువ్వు కలపాల్సిన డిజైనైతే తరుగు పోతుంది కాబట్టి ఒక రోలు ఎక్కువే కొనాలి.

గది మూలను నమ్మి పని మొదలుపెట్టకూడదు. నిట్టనిలువుగా ఉండే మూలలు అరుదు. మేస్త్రీ గుండుదారం వేలాడదీసి, ఊగడం ఆగాక దాని వెంట పెన్సిలుతో గీత గీయాలి. తొలి పట్టీ అంచు ఆ గీతకే ఆనాలి. అది వాలిందంటే ప్రతి పట్టీ దానితోపాటే వాలుతుంది, అవతలి మూలకు చేరేసరికి పువ్వుల వరుస సీలింగుకు ఎడమై కనిపిస్తుంది.

జిగురు తడికి కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అందుకే జిగురు వైపు లోపలికి మడిచి కాసేపు నాననివ్వాలి. సాగేదేదో ముందే సాగితే గోడమీద బుడగలు లేవవు. నడుమ నుంచి అంచులకు బ్రష్‌తో నిమరాలి. పట్టీలు అంచుకు అంచు ఆనాలి కానీ ఒకదాని మీదికొకటి ఎక్కకూడదు. పొంగిన జిగురును తడిగుడ్డతో అప్పుడే తుడవాలి. ఈ సీమ ఎండలకు ఇంకో జాగ్రత్త కావాలి: ఫ్యాను ఆపి, కిటికీలు మూసి పని చేయాలి. అంచులు తొందరగా ఆరితే అతుకు నోరు తెరుస్తుంది. రోహిణి కార్తెలో కాకుండా కార్తీకంలో పెట్టుకుంటే మేలు.

డిజైన్ల పుస్తకం ముందు గంటలు కూర్చుంటాం. గోడ గీకడానికి ఇంకో రోజు కూలి అడిగితే మాత్రం బేరమాడతాం. ఆ రోజు కూలి సంతోషంగా ఇవ్వాలి. పదేళ్లు నిలిచే పని ఆ రోజే జరుగుతుంది.