మా బండిల్లు, గంజాం దారులు

బరంపురంలో మా వీధిలో ఎవరింటికి కొత్త వస్తువు వచ్చినా ముందు కొబ్బరికాయ, తర్వాత ఇరుగుపొరుగుకి మిఠాయి, ఆ తర్వాతే వారంటీ కాగితం. చాలాసార్లు ఆ కాగితం మిఠాయి డబ్బాతో పాటే చెత్తలోకి పోతుంది. మా క్యాంపర్ వ్యాన్ విషయంలో మాకు పోవడానికి కాగితమే లేకపోయింది. ఆ ముచ్చట, దానితో పాటు ఆ బండి మమ్మల్ని తిప్పిన నాలుగు ఊళ్ల ముచ్చట చెబుదామని ఈ నాలుగు మాటలు.

2023లో నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. మా అమ్మకి ఎనభై రెండేళ్లు. హోటలు మెట్లు ఎక్కలేదు, బయటి స్నానాలగది పడదు. "చిలక సరస్సు ఇంత దగ్గరలో ఉండి కూడా సరిగ్గా చూడకుండానే పోతానేమో బాబూ" అని ఓసారి అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. మంచం, వంటగట్టు, చిన్న బాత్‌రూం ఉన్న బండి చేయించుకోవచ్చు కదా అని మా బావమరిది సలహా ఇచ్చాడు. ఖాళీ వ్యాన్ డీలరు దగ్గర కొన్నాం. లోపలి పని ఆంధ్రాలో ఒక షెడ్డువారికి అప్పజెప్పాం.

ఆంధ్రాలో ఎందుకంటారా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది గాని, మా చుట్టాల్లో సగంమంది శ్రీకాకుళం, విశాఖల్లోనే ఉన్నారు. పెళ్లి సంబంధమైనా, పెద్ద కొనుగోలైనా మా చూపు ముందు అటే పోతుంది. పైగా ఆ షెడ్డు యజమాని మా వియ్యాలవారికి తెలిసినవాడు. "ఏడాది పాటు పూచీ నాది మావయ్యగారూ, మీకు కాగితమెందుకు?" అన్నాడు. మనవాడే కదా అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు జనానికి అప్పు కాగితాలు చదివి వినిపించిన మనిషిని, తొమ్మిది లక్షల బిల్లు మీద "లోపలి పని" అన్న ఒక్క వాక్యం చూసి సంతకం పెట్టి వచ్చాను.

2024 కార్తీకంలో బయల్దేరాం. మొదటి మజిలీ గోపాలపురం, ఇంటి నుంచి పదిహేను కిలోమీటర్ల చిల్లర. లైట్‌హౌస్‌కి కాస్త ఎడంగా ఒక లాడ్జివారిని అడిగి వాళ్ల ఆవరణలో బండి పెట్టుకున్నాం. ఒకప్పుడు మనవాళ్లు రంగూన్ వెళ్లే ఓడ ఎక్కింది ఈ ఒడ్డునే. మా అమ్మ మేనమామ ఒకాయన అలా వెళ్లి తిరిగి రాలేదట. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఒక్క రాత్రికే బండి డబ్బులు గిట్టాయి అనిపించింది.

మర్నాడు ఛత్రపురం పక్కన తంపర చెరువు. సముద్రానికి ఇంత చేరువలో మంచినీళ్ల చెరువు ఉండడం విచిత్రమే. అక్కడ ఫ్రిజ్ ఆగిపోయింది. పాలు విరిగాయి. కొత్త బండికి కొత్త చిలిపితనం అని నవ్వుకున్నాం. మా ఆవిడ మాత్రం పాలవాడి లెక్క రాసే నోటుబుక్కులో తేదీ, వేళ రాసుకుంది.

అక్కడి నుంచి గంజాం ఊరు. జిల్లాకి పేరిచ్చిన ఈ ఊరు ఇప్పుడు చాలా చిన్నది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జ్వరాలు చుట్టుముడితే దొరలు కచేరీలు ఎత్తుకుని వెళ్లిపోయారు. నక్షత్రం ఆకారంలో కట్టిన పోతగఢ్ కోట శిథిలాలు మిగిలాయి. దగ్గరలోనే ఋషికుల్య సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం ముందు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆ ఇసుకకే. మేం వెళ్లిన నెల వాటిది కాదు. దారి పొడుగునా మొగలి పొదలున్నాయి. గంజాం మొగలి అత్తరు పేరు మీకు తెలిసే ఉంటుంది.

ఇక రంభ. చిలక సరస్సు దక్షిణపు కొస. నీళ్ల మధ్య కొండలు, దీవులు, చలికాలపు పక్షులు అప్పుడప్పుడే దిగుతున్నాయి. సాయంత్రం అమ్మని కుర్చీలో ఒడ్డున కూర్చోబెట్టాం. రాత్రి వాన పట్టుకుంది. మిగతాది మా ఆవిడ నోటుబుక్కులోంచే రాస్తాను: "రంభ. రాత్రి 2.10. పైకప్పు గాలికిటికీ ఎడమ మూల నుంచి నీరు. అత్తయ్యగారి పరుపు తడిసింది. గిన్నె పెట్టాను. తెల్లారేసరికి రెండు చెంబులు. లైట్లు లేవు, బ్యాటరీ అయిపోయింది." 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫానుకి చెక్కుచెదరని డాబాలో ఉండేవాళ్లం, ఒక రాత్రి జల్లుకి అమ్మని తడిపేశాం. ఆవిడకి వారం రోజులు జ్వరం. "చిలక చూశాను, చాలు" అంది గాని, మళ్లీ బండి ఎక్కమంటే ఎక్కనంది.

అక్కడి నుంచి మొదలైంది అసలు ప్రయాణం. షెడ్డుకి ఫోను చేస్తే, "కారడం కిటికీ కంపెనీ తప్పు, చార్జి అవకపోవడం వ్యాన్ ఆల్టర్నేటర్ తప్పు" అన్నాడు. డీలరు దగ్గరికి వెళితే, "వైరింగ్ బయటివాళ్లు ముట్టుకున్నారు, వారంటీ వర్తించదు" అన్నారు. బ్యాటరీవారు, "కార్డు మీద అమ్మినవారి ముద్ర, తేదీ ఏవండీ?" అన్నారు. అందరిదీ న్యాయంగానే ఉంది. మా పరుపు మాత్రం డాబా మీద ఆరుతోంది.

మా పక్కింటి అమ్మాయి ఇక్కడే వకీలు. "బాబాయిగారూ, కోపం తర్వాత, ముందు తప్పు ఎవరిదో విడదీయండి" అంది. ఆ అమ్మాయి చెప్పినట్టే డీలరు సర్వీసు కేంద్రంలో డబ్బు కట్టి ఆల్టర్నేటర్ పరీక్ష చేయించి, బాగానే ఉందని జాబ్ కార్డు మీద రాయించాను. తర్వాత బరంపురంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూశాడు. ఇంజను నడుస్తుండగా కూడా వెనక బ్యాటరీ దగ్గర 13 వోల్టులు దాటలేదు. లిథియం బ్యాటరీ నిండడానికి 14 పైన కావాలి. ఈ కాలపు ఇంజన్లలో ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి వోల్టేజి తగ్గించేసుకుంటుందట. అందుకని మధ్యలో ప్రత్యేకంగా ఒక చార్జరు పెట్టాలి. షెడ్డువాళ్లు దాని బదులు చవకగా ఒక రిలే పెట్టి ఊరుకున్నారు. ఆ సంగతి అతనిచేత లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను.

చట్టం సంగతి మీలో ఆంధ్రా బయట ఉన్నవాళ్లకి ముఖ్యంగా చెప్పాలి. 1986 నాటి చట్టం ప్రకారమైతే, అమ్మినవాడున్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్లి ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. 2019లో వచ్చి 2020 జూలై 20 నుంచి అమలైన కొత్త చట్టంలో, కొన్నవాడు తానుండే జిల్లాలోనే వేయవచ్చు. గంజాం జిల్లా కచేరీలు ఛత్రపురంలో ఉన్నా, వినియోగదారుల కమిషన్ మాత్రం బరంపురంలోనే ఉంది. మా ఇంటి నుంచి రిక్షా దూరం. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. మా తొమ్మిది లక్షల బిల్లుకి రుసుము 200 రూపాయలు. తగాదా పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. అంతకన్నా ముందు సలహాకి 1915 నంబరుకి ఫోను చేయవచ్చు.

రెండు సంగతుల్లో ఆ అమ్మాయి మా ఆశ మీద నీళ్లు చల్లింది. కొత్త బండి మొత్తం మార్చి ఇమ్మని నేను అడుగుదామనుకున్నాను. 2006లో ఒక కారు తగాదాలో సుప్రీం కోర్టు, వారంటీలో చెడిన భాగం మార్చడమే రాసి ఉంటే బండి మొత్తం మార్చమనడం కుదరదంది. రెండోది మా బావమరిదికి తగిలింది. అతను అప్పటికే బండిని గోపాలపురం టూరిస్టులకి అద్దెకిచ్చే లెక్కలు వేస్తున్నాడు. "లాభానికి నడిపే వ్యాపారమని తేలితే మీరు వినియోగదారులే కారు మావయ్యగారూ" అనేసరికి పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

నోటీసు ఇంగ్లీషులో తయారైంది. మా ఆవిడ నోటుబుక్కు తెలుగులో ఉంది కాబట్టి దానికి అనువాదం, ఫోనులో తేదీలతో ఉన్న ఫోటోలు జతపరిచాం. నిజం చెప్పాలంటే, అది పోస్టులో వేసేటప్పుడు నా చెయ్యి ఆడలేదు. వియ్యాలవారు ఏమనుకుంటారో! రెండు పెళ్లిళ్లలో ఆ కుర్రాడు నాకు పక్కన కూర్చుని వడ్డించినవాడు. "తడిసింది అత్తయ్యగారు, వాళ్లు కాదు" అని మా ఆవిడ నా చేతిలోంచి కవరు తీసుకుని తనే పంపింది.

పన్నెండో రోజున షెడ్డు యజమాని స్వయంగా వచ్చాడు, ఇద్దరు మేస్త్రీలతో. తల ఎత్తి మాట్లాడలేదు. గాలికిటికీ ఊడదీస్తే, లోపల సీలెంటు ఒక పక్క అసలు పడనే లేదు. అతను చూసి, "ఇది నేను చూసుకోవలసింది" అన్నాడు. రెండు రోజులుండి కిటికీ మళ్లీ బిగించి, చార్జరు తన ఖర్చుతో పెట్టాడు. పైపుతో గంటసేపు నీళ్లు కొట్టి చూపించాడు. ఫ్రిజ్ మాత్రం కంపెనీదేనంటూ వదిలేశాడు, అది ఇప్పటికీ ఎండాకాలంలో మొరాయిస్తుంది. కారడానికీ, వైరింగుకీ ఆ రోజు నుంచి ఏడాది పూచీ అని మా ఆవిడ నోటుబుక్కులోనే రాసి సంతకం పెట్టాడు. వెళ్లేటప్పుడు ఆవిడ బరంపురం అప్పడాల కట్ట ఇచ్చింది. వద్దంటూనే తీసుకున్నాడు. వియ్యాలవారు ఓ ఆర్నెల్లు ముభావంగా ఉన్నారు.

2025 వానాకాలంలో అమ్మని ఎలాగో ఒప్పించి తప్తపాణి తీసుకెళ్లాం. అడవి మధ్య వేడినీళ్ల ఊట, గంధకం వాసన. బరంపురం నుంచి ఓ యాభై కిలోమీటర్లు. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, జనం తక్కువ. రాత్రి కుంభవృష్టి. నేను టార్చి పట్టుకుని కప్పు వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్క బొట్టు పడలేదు. తెల్లారి చూస్తే అమ్మ మంచం పక్కన, సరిగ్గా గాలికిటికీ కింద, స్టీలు గిన్నె ఉంది. పడుకునే ముందు తనే పెట్టుకుందట.