వాసన సాక్ష్యం కాదా?

ఇంట్లో వాసనల బాధ్యత ఎవరిది? పోపు మాడుతోందనీ, పాలు విరిగాయనీ, వంటింట్లో గ్యాసు లీకవుతోందనీ మొదట పసిగట్టేది ఎవరు? సిలిండరు గ్యాసుకి సొంత వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఘాటైన మెర్కాప్టన్ కలుపుతారు. అంటే ఆ భద్రతా ఏర్పాటంతా చివరికి ఒక ముక్కు మీద ఆధారపడి ఉంది. ఆ ముక్కు చాలా ఇళ్లలో ఆడవాళ్లదే. అయినా అది వంటింటి గుమ్మం దాటి కారు దగ్గరికి వచ్చేసరికి దాని మాట చెల్లదు.

మేముండే కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. కారు వెనక వైపు నుంచి పెట్రోలు వాసన వస్తోందని నేను రెండు వారాలపాటు చెబుతూనే ఉన్నాను. "పెట్రోలు కారుకి పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?" అని నవ్వాడు నా సహచరుడు. తర్వాత ఒకరోజు ఇంజను లైటు వెలిగింది. వెంటనే అందరికీ నమ్మకం కుదిరింది! నేను చెబితే అనుమానం, లైటు చెబితే సమాచారం.

ఇక్కడ పాత కార్లకి రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష ఉంటుంది. ఆ లైటు వెలుగుతూ ఉంటే కారు పరీక్ష తప్పుతుంది, రిజిస్ట్రేషను ఆగిపోతుంది. నేను పాఠాలు చెప్పే కాలేజీ ముప్పై మైళ్ల దూరం. అటు బస్సు లేదు. కారు ఆగితే నా ఉద్యోగమూ ఆగినట్టే.

మెకానిక్ కోడ్ చదివాడు. పి 0442, అంటే పెట్రోలు ఆవిరి వ్యవస్థలో చిన్న లీకు. వాసన ఎటువైపు, ఏ వేళకి వస్తోందో నేను చెప్పబోతే మధ్యలోనే ఆపి, మీ భర్తతో మాట్లాడతానన్నాడు. ఆయనకి ఫోన్‌లో చెప్పిందేమిటంటే, క్యానిస్టరు మార్చాలి, తొమ్మిది వందల డాలర్లవుతుంది అని. లీకు ఎక్కడుందో అతను వెతకనేలేదు. లీకుందని చెప్పడమే కోడ్ పని, ఎక్కడుందో అది చెప్పదు. ఈ సంగతి చదివి తెలుసుకున్నాక ఇక నేను ఆగలేదు.

ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ ఆవిరవుతూనే ఉంటుంది. అది గాల్లో కలవకుండా బొగ్గు నింపిన క్యానిస్టరు పీల్చి దాచుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజనులోకి పంపితే అక్కడ కాలిపోతుంది. బయటిగాలి లోపలికి వచ్చే దారికి వెంట్ వాల్వు ఉంటుంది. అప్పుడప్పుడు కంప్యూటరు దారులన్నీ మూయించి, లోపలి ఒత్తిడి నిలుస్తోందా లేదా అని చూస్తుంది. మిల్లీమీటరు కన్నాన్ని కూడా పట్టుకుంటుంది. కానీ తొందరపడదు. ఒకసారి తేడా కనిపిస్తే గుర్తుంచుకుంటుంది, తర్వాతి పరీక్షలోనూ కనిపిస్తేనే లైటు వేస్తుంది.

మొదట ట్యాంకు మూత చూశాను. చాలాసార్లు తప్పు దాని రబ్బరు అంచులోనే ఉంటుందట. మాది బాగానే ఉంది. తర్వాత పర్జ్ వాల్వు. చల్లటి ఇంజను స్టార్టు చేసిన వెంటనే, క్యానిస్టరు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి వాల్వుకి వేలు ఆనించాను. లోపలికి పీలిస్తే వాల్వు తెరుచుకుని ఉండిపోయినట్టు. పీల్చలేదు. ఇక మిగిలింది వెనక వైపు, నా ముక్కు మొదటినుంచీ చెబుతున్న వైపు.

వేరే షాపుకి వెళ్లి పొగ పెట్టి చూడమన్నాను. పక్కనే నిలబడి చూస్తానని కూడా ముందే చెప్పాను. నూనెని వేడిచేసి తీసిన పొగని చాలా తక్కువ ఒత్తిడితో గొట్టాల్లోకి పంపుతారు. కాసేపటికి క్యానిస్టరు దగ్గర, పెళుసెక్కిన రబ్బరు గొట్టం పగులులోంచి, అగరొత్తి పొగలా సన్నగా లేచింది. పెట్రోలు ఆవిరికి తట్టుకునే గొట్టం ముక్క, రెండు క్లాంపులు కొన్నాను. ఇరవై డాలర్లు కూడా కాలేదు. మామూలు నీళ్ల గొట్టం వేస్తే ఆ ఆవిరికే పాడైపోతుంది. ఇంజను చల్లారాక, గరాజు తలుపు బార్లా తెరిచి, దాన్ని నేనే మార్చాను.

కోడ్‌ని చెరిపెయ్యలేదు. ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా కంప్యూటరు ఆ పరీక్ష చెయ్యదు. అందుకని సగం నింపి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున్నే కాలేజీకి వెళ్లేదాన్ని. వరసగా మూడుసార్లు పరీక్ష నెగ్గాక లైటు దానంతటదే ఆరిపోయింది.

కారుకి ఇన్ని తనిఖీలు ఎందుకొచ్చాయా అని చదువుతుంటే ఆరీ హాగెన్‌స్మిట్ కనిపించాడు. కాల్‌టెక్‌లో అనాసపండు వాసన మీద పరిశోధన చేసిన రసాయన శాస్త్రవేత్త. ఆ పనిలో వాడిన పద్ధతులతోనే లాస్ ఏంజిల్స్ గాలినీ పరీక్షించాడు. కార్ల నుంచీ చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే ఆవిరులు నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి, ఎండలో ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. చమురు పరిశ్రమ ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకోక తప్పలేదు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ తమను తాము తనిఖీ చేసుకునే ఏర్పాటు తప్పనిసరి అయింది. ప్రయోగశాలలో వాసన వెంట నడిస్తే శాస్త్రం. ఇంట్లో అదే పని చేస్తే చాదస్తం! కొలతల మీద నాకు కోపం లేదు. పొగ పెట్టి చూడమన్నది నేనే కదా. కొలవడానికి ముందు, చెప్పినమాట విని వెతకాలి కదా అన్నదే నా బాధ.

కోడ్ చదివే చిన్న పరికరం ఇప్పుడు ఇరవై ముప్పై డాలర్లకి దొరుకుతోంది. నేను కొన్నది మా వీధిలో తెలుగు ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరుగుతోంది. ఉద్యోగం చెయ్యనివ్వని వీసా మీద ఉండి, కారు ఒక్కటే బయటి దారి అయినవాళ్లు అందులో ఇద్దరున్నారు. పరికరంతోపాటు నేనూ వెళ్తాను. దాన్ని తగిలించకముందు అడిగేది ఒకటే: వాసన ఎక్కడినుంచి వస్తోంది, ఎప్పుడు?